విన్నవాళ్లు మళ్లీ రావాలట

ఏప్రిల్ 11, 1976, నాందేడ్
సార్ టేపు విని కుర్చీలోంచి లేచారు. "ఛాన్! చాలా బాగుంది! నీ పరిశోధనలో గోండుల అధ్యాయం అయిపోయినట్టే." నాకూ సంతోషమే. మరి ఆ రోజు రికార్డు చేసి టేపు ఆపగానే, పాడిన లచ్చు తాత అన్న మాటో? "గిది వట్టి పాట బిడ్డా. ఇంట్ల పూజ కాడ పాడితేనే కథ." అది సార్‌కు చెప్పలేదు.

ఏప్రిల్ 19
అధ్యాయం చప్పగా ఉంది. ఎన్నిసార్లు తిరగరాసినా అంతే... పూజకు పోవాల్సిందే.

మే 4, కిన్వట్, మామయ్య ఇల్లు
పూజ రేపే. అత్త నవ్వులు — "గీ ఎండల అడివికి పోతవానే? పాటలు రేడియోల రావా?"
ఈ పాట రాదత్తా.

మే 5
గూడెం. జంగు పటేల్ వాకిలి. తాత వీళ్లింటి పాటగాడు, తండ్రి నాటి నుంచీ. కూర్చోబోతుంటే పటేల్ ఆపాడు. "కూసుంటె కూసో బాయి. గాని మా కథ మొత్తం ఇన్నోళ్లు ప్రతి ఏడు పూజకు రావాలె. ఇని పోతనంటె కాదు."
తోడొచ్చిన మామయ్య నా వైపు గుడ్లురిమాడు. కూర్చున్నాను.

మే 6
అబ్బ! టేపులో లేనివన్నీ ఇక్కడున్నాయి. ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తాడు తాత. "వచ్చాడు" అని గోండిలో ఇంటివాళ్ల జవాబు. సర్కారు అడవి హద్దు గీసి లేపేసిన వాళ్ల పాత ఊరి పేరు రాగానే ముసలమ్మలు గొల్లుమన్నారు. తాత కిక్రి తీగల మీద కమాను ఆపి, ఏడుపు తీరేదాకా కూర్చున్నాడు. ఆ ఆగడం కూడా కథలోదే. కాగితం మీద ఎట్లా పెట్టను?
నేనూ ఏడ్చాను. హాయిగా ఉంది.

మే 12, నాందేడ్
సార్‌కు అంతా చెప్పేశాను. తిడతారనుకున్నా. "మళ్లీ మొదటి నుంచి రాయి," అన్నారు. రాస్తా!

మే 15
సంబంధం. దెగ్లూర్ బట్టల దుకాణం వాళ్లు. అమ్మకు తెగేసి చెప్పాను — ప్రతి వైశాఖం నన్ను గూడేనికి పోనిస్తేనే.
"నీ మొగం! పెండ్లి మాటల గిదేం షరతే?"
అమ్మకేం, మాటిచ్చింది నేను.

మే 17
వచ్చారు. ఆ షరతు ఎవరూ ఎత్తరని నేనే చెప్పేశాను. పెళ్లికొడుకు వాళ్లమ్మ అటుకుల పోహే ప్లేటు కింద పెట్టేసింది. అమ్మ గిల్లుడు... ఇంకా మంటగానే ఉంది. అతను మాత్రం — "గంత మంచి కథనా? జెర చెప్పుండ్రి."
"కథ ఇంటె మీరు గూడ రావాలె మరి."
కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అంతలోనే వాళ్లమ్మ, బస్సు పోతుందని లేపేసింది. ఏ సంగతైనా తర్వాత చెప్తారట.
మెట్ల దగ్గర అతను వెనక్కి తిరిగి — "వైశాఖంల ఆడ ఎండ మస్తు కొడ్తదా?"
"మస్తు," అన్నాను.