పార్కులో ఫైబర్ పుట్ట

అక్కా,

నువ్వు పోయాక తొలి నాగులచవితి. నీ మనవరాలిని వెంటబెట్టుకుని, ఆవుపాలు, చలిమిడి పట్టుకుని శ్రీకాకుళం పార్కుకే వెళ్లాను. నువ్వు ఏటా పాలు పోసిన పుట్ట లేదు. చెదపురుగుల గొప్పతనం చాటే కళాఖండమట, వాటి పుట్టనే తవ్వేసి ఆ చోట ఫైబర్ పుట్ట నిలబెట్టారు.

"ఏటిది బాబూ, పురుగులేటైనాయి?" అని కాపలా అతన్ని అడిగాను.

"మందు కొట్టి సంపేసినారమ్మా. బొమ్మ లోపలి కర్రలకి సెద పట్టేస్తాదట. పాలు పొయ్యకండి, సీమలొస్తాయి."

ఒళ్లు మండిపోయింది. "రానీ, సీమలైనా రానీ!" అని చెంబెడు పాలూ దాని మీదే కుమ్మరించాను.

అతను అరుస్తున్నాడు. పిల్ల మాత్రం, ఏటా నువ్వు పెట్టినట్టే నేనూ చెవికి పుట్టమన్ను పెడతానని, జుట్టు వెనక్కి తోసుకుని నా వైపు తల వంచి నిలబడింది. కింద అంతా సిమెంటు.