హంసలదీవికి తీసుకెళ్లని అన్న

చెల్లీ రాజ్యం,

మాఘపౌర్ణమికి హంసలదీవిలో స్నానం చేయిస్తానని మాటిచ్చి తప్పాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం గుడివాడ నుంచి బందరు వచ్చి నిన్ను చూశాను. ఒక వారం "మా అన్న దేవుడు" అనేదానివి. మరో వారం "నువ్వసలు ఎప్పుడొచ్చావ్ నా గుమ్మంలోకి? ఆ స్నానమే ఎగ్గొట్టినవాడివి!" అని తలుపేసేదానివి. అంతా నటన అనుకున్నాను.

నువ్వు పోయిన ఏడాదికి, నిన్న, నీ కూతురు పాత పెట్టెలో దొరికిన డాక్టరు చీటీ చూపించింది. "అమ్మ అబద్ధమాడలేదు మావయ్యా. బోర్డర్‌లైన్ అనే మనసు జబ్బట. కోపమొస్తే మంచి రోజులు గుర్తుకే రావట," అంది. ఇన్ని పుస్తకాలు చదివానే, ఏం లాభం!

ఈ పౌర్ణమి ఉదయం హంసలదీవి సంగమంలో నీ పేరున మూడు మునకలు వేశాను. మంచులో కృష్ణ ఎక్కడ ఆగిందో, సముద్రం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

పిచ్చిదంటారని ఆ చీటీ దాచినవాడు నీ మొగుడు సుబ్బారావేనట. అందరినీ క్షమించాను రాజ్యం, ఒక్క సుబ్బారావు బావని తప్ప.