ఆవిరి ఆపిన రాయి

మిర్యాలగూడ,
శుక్రవారం మధ్యాహ్నం.

అక్కా, నీ తమ్ముడు మల్లేశు దండాలు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? పిల్లలు బడికి సరిగ్గా పోతున్నారా? సర్పంచ్ ఇంటికి ఫోన్ చేస్తే సగం ఊరు వింటుంది, అందుకే రాస్తున్నాను. మన ఊరి సైదులు వడ్ల లారీ మీద మిల్లుకు వచ్చాడు. వడ్లు దించడం అయ్యేలోపు ఇది రాసి అతని చేతికిస్తాను. ఒక సంచి కూడా ఇస్తాను. జాగ్రత్త, బరువుగా ఉంటుంది.

ముందు అసలు మాట చెప్తాను. సోమవారం బావను బస్సెక్కించకు. ఇక్కడ ఉద్యోగం ఇప్పించమని మిల్లు షావుకారిని బతిమాలింది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. తిక్క లేచిందనుకుంటావు. అనుకో, కానీ పంపకు.

ఇక్కడ తిండికి లోటు లేదు. ఉప్పుడు బియ్యం మిల్లులో అన్నానికి కరువా? జొన్నరొట్టె మీద మాత్రం పాణం గుంజుతోంది. ఎటు చూసినా ఊక బూడిదే, పొద్దున ఉతికిన చొక్కా సాయంత్రానికి బొంతలా అవుతుంది. గదిలో ఒక్కణ్ణే వండుకుంటుంటే నీ తిట్లు కూడా గుర్తొస్తాయి.

షావుకారు నన్ను పెట్టుకున్నది కరెంటు ఖర్చు, బాయిలర్‌లో కాల్చే ఊక ఖర్చు తగ్గించడానికని నీకు తెలుసు కదా. కోదాడ వైపు మనిషి, మాట మంచిదే. వచ్చిన నెలలోనే వదులు బెల్టులు బిగించాను, వేడెక్కే మోటార్లు విప్పించాను, పగలు వెలిగే బల్బులు ఆర్పించాను, వేడి పోకుండా ఆవిరి పైపులకు తాళ్లు చుట్టించాను. బిల్లు తగ్గింది. మిగిలిన ఊకను ఇటుక బట్టీల వాళ్లు కొనుక్కుపోతున్నారు. షావుకారు నన్ను ఇంజినీరు అని పిలవడం మొదలుపెట్టాడు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

ఆ పొంగులోనే తప్పు చేశాను. ఆవిరి ఎక్కడెక్కడ పోతోందో వెతికి, ఆ చోటల్లా సున్నంతో తెల్లచుక్క పెట్టాను. బాయిలర్ మీద ఒక వాల్వు ఉంటుంది. లోపల ఒత్తిడి ఎక్కువైతే అదే తెరుచుకుని, ఈల వేస్తూ ఆవిరిని బయటికి వదులుతుంది. మన అంబలి కుండ మూత ఎగిరినట్టే, ఎగరకపోతే కుండే పగులుతుంది. అది పాతదై ఊరికే కారుతోందని, బాగుచేయించాలని దాని మీదా చుక్క పెట్టాను. ఆ మాట ఎవరికీ చెప్పకుండా ఒక మోటారు బాగుచేయించడానికి సూర్యాపేట పోయాను. అక్కడే రెండు రోజులు పట్టింది.

తిరిగొచ్చేసరికి చుక్క ఉన్న చోటల్లా ఆవిరి ఆపేశారు. వాల్వు కాడకు వైరుతో ఒక ఐదు కిలోల తూకం రాయి వేలాడదీశారు, అది తెరుచుకోకుండా. మర్నాడే దసరా, ఆయుధపూజ. మిషన్లతో పాటు ఆ రాయికీ పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు. ఇక అది రాయి కాదు, దేవుడు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ దండం పెడుతున్నారు.

షావుకారి దగ్గరికి ఉరికాను. ఆయన నవ్వాడు.

"చుక్క పెట్టింది నువ్వేగా ఇంజినీరూ? ఆ రాయి కట్టినకాడి నుంచి ఊక ఎంత మిగులుతుందో చూశావా? లక్ష్మీదేవి వచ్చి కూర్చుంది. పండగపూట అపశకునం మాటలు మాట్లాడమాక."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు చూడు, అదే నా పని.

బాయిలర్ చూసేది యాదగిరి మామ. పెన్‌పహాడ్ మనిషి, ముసలివాడు. కళ్లు మసకబారాయనే కదా ఆయన జాగాలో బావను తీసుకుంటామన్నారు. ఆయన్ని అడిగాను.

"మామా, ఒత్తిడి మీటరు ముల్లు ఎర్రగీత దాటుతున్నదా?"

"నాకేడ కనవడతది బిడ్డా? ఇన్నేండ్లు చెవులతోనే నడిపిన. అది ఈల ఏస్తే ఊక తగ్గిస్తుంటి. ఇప్పుడది మాట్లాడుతలేదు."

"మరి రాయి తీసెయ్యరాదే?"

"పూజ చేసిన రాయిని నేను ముట్ట. ఇంట్ల మనవరాళ్లున్నరు, అరిష్టం. నువ్వు సదువుకున్నోనివి, నీ ఇష్టం."

ఆ ముల్లు నేను చూశాను అక్కా. ఎర్రగీత దాటి వణుకుతోంది. షెడ్డు గోడ మీద చెయ్యి పెడితే అరచేతికి అదురు తెలుస్తోంది. భయంతో ఈ వారమంతా అన్నం సయించలేదు.

ఈ పొద్దున బూడిద తీయడానికి బాయిలర్ ఆర్పారు. అందరూ చాయ్‌కి పోయినప్పుడు దేవుడికి దండం పెట్టి, రాయి విప్పి తువ్వాలలో చుట్టి తెచ్చుకున్నాను. సంచిలో ఉన్నది అదే. కుంకుమ చూసి జడవకు, పారేయకు. గూట్లో పెట్టు, పాపం దేవుడు చేసిందేమీ లేదు. మళ్లీ మంట పెట్టాక కొంతసేపటికి ఈల వినపడింది. యాదగిరి మామ తలెత్తి నవ్వాడు. "మాట్లాడుతుందిరా," అన్నాడు. వారం తర్వాత నేనూ కడుపునిండా తిన్నాను.

బావకు కోపం వస్తే నా మీదకు తొయ్యి. ఈ ఉద్యోగం నమ్ముకుని గొర్రెలు అమ్మొద్దని చెప్పు. అమ్మకు నేను బాగున్నానని మాత్రమే చదివి వినిపించు, మిగతాది దాచు. వీలైతే సైదులు మళ్లీ వచ్చేటప్పుడు రెండు రొట్టెలు, కాస్త పచ్చిపులుసు పొడి

అక్కా, రాస్తూ రాస్తూ కాటా వైపు చూశాను. అక్కడ ఐదు కిలోల రాళ్లు నాలుగు ఉండేవి. ఒకటి నీకు పంపుతున్నాను, మూడు ఉండాలి. పొద్దున ఉన్నాయి, నేనే చూశాను. ఇప్పుడు ఒక్కటే ఉంది.

ఈల కూడా ఎప్పుడు ఆగిందో గమనించలేదు. యాదగిరి మామ లోపలే ఉన్నాడు, ఆయనకు ముల్లు కనిపించదు. సైదులును లారీ తీసుకుని వెంటనే పొమ్మంటున్నాను. నేను షెడ్డుకు పోతున్నాను.

అమ్మ కాళ్లకు, నీ కాళ్లకు దండం. పెద్దలందరినీ అడిగానని చెప్పు. బావను పంపకు.

నీ తమ్ముడు,
మల్లేశు