విప్పిన కమాను

జనవరి 9
మున్సిపల్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ మొదలైంది. హిస్టరీ ఎమ్మేకి ఇది తప్పదు. నాన్న అక్కడే వర్క్ ఇన్‌స్పెక్టర్. ఆఫీసులో సార్ అనమన్నాడు. ఇంట్లో కూడా అదే అలవాటైతే నవ్వలేక చస్తానని అమ్మ అంది.

రోడ్డు వెడల్పు కోసం పాత రాతి కమాను తీసి, పార్కులో మళ్లీ కడతారట. కూల్చడం కాదు, విప్పడం అనాలన్నాడు నాన్న. జడ విప్పినట్టు. ఆ మాట ఎంత నచ్చిందో! కమాను అన్న మాటా అంతే. పలుకుతుంటే నోరు కూడా వంగుతుంది.

జనవరి 12
కమాను కింద కుట్టుమిషన్ పెట్టుకున్న తాత అడ్డం కూర్చున్నాడు. విప్పిన చొక్కా నేను మళ్లీ కుట్టి ఇస్తాను, మీ ఆఫీసోళ్లు విప్పడమే గానీ కట్టింది ఎప్పుడన్నా చూశామా అని నాన్నని నిలదీశాడు. నాన్న వెళ్లి పక్కనే నేల మీద కూర్చున్నాడు. బాబాయ్, ఇదే కమాను కింద నీ మిషన్ నేనే మోసుకొచ్చి పెడతాను, నా మాట నమ్ము అన్నాడు. తాత చాలాసేపు తంటాలుపడి సూదిలో దారం ఎక్కించి, లేచాడు.

నాన్న పొడుగు, కమాను పొట్టి. దాని కింద ఎప్పుడూ తల వంచే నడిచేవాడు. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుంటే మోకాళ్లు కూడా వంచేవాడు.

జనవరి 20
దించిన ప్రతి రాయి మీదా నాన్న పెయింటుతో అంకె వేస్తున్నాడు. కమాను డ్రాయింగులో ఆ రాయి ఉన్నచోట అదే అంకె నేను వేస్తున్నాను. వంకరపోతే తుడిచి మళ్లీ వేస్తాడు. చాల్లెండి సార్ అన్నాను. పిల్లకి పేరు పెడుతూ చాల్లే అంటామా అన్నాడు.

జనవరి 28
లారీవాళ్లు కుప్ప పోసి పోతామంటే నాన్న ఒప్పుకోలేదు. పార్కు నడకదారి పక్కన అంకెల క్రమంలో పేర్పించాడు. తాత వచ్చి చూసి, పర్లేదురా, నీకూ కొలతలు తెలుసు అన్నాడట. ఆ మాట నాన్న అమ్మకి రెండుసార్లు చెప్పాడు.

ఫిబ్రవరి 15
కమాను మళ్లీ కట్టే ఫైలు కమిషనర్ టేబుల్ మీద ఉంది.

మార్చి 2
అదే టేబుల్ మీద ఉంది.

మార్చి 11, రాత్రి 10
రేపు పార్కుకి మంత్రి వస్తున్నారు. నడకదారి అంచురాళ్లకి నలుపు, తెలుపు వేయమని పొద్దున పెయింటర్లని పంపారు. వాళ్లు అంచురాళ్లకి వేశారు. పక్కన ఉన్న మన రాళ్లకీ వేశారు. ఎత్తుపల్లాలుగా ఉంటే బాగోదని ముందు గునపాలతో జరిపి, సైజు ప్రకారం సర్ది మరీ వేశారు. ఒకటి నలుపు, ఒకటి తెలుపు. క్రమం లేదు. ఒక్క అంకె లేదు.

పెయింటర్ల మేస్త్రి బెదిరిపోయాడు పాపం. ముచ్చటగా వరుసలో ఉంటే పార్కు రాళ్లే అనుకున్నాం సార్, కుప్పగా పడుంటే ముట్టుకునేవాళ్లమే కాదు అన్నాడు. నాన్న తడి ఆరని రాయి మీద వేలు పెట్టి చూశాడు, అంతే. అన్నం తినేటప్పుడు కూడా ఆ వేలు నల్లగానే ఉంది.

దీనికి నా దగ్గర మాట లేదు.

మార్చి 12
పార్కు చాలా నీట్‌గా ఉందని మంత్రి మెచ్చుకున్నారట.

మార్చి 19
పురావస్తు శాఖ మేడమ్ వచ్చి చూశారు. మెత్తటి రాయి, రంగు గీకితే పైపొర కూడా ఊడొస్తుందన్నారు. ఒక్కో రాయీ కొలిచి డ్రాయింగుతో పోల్చి చూడొచ్చు గానీ నెలలు పడుతుంది, మనుషులు కావాలన్నారు. నాన్న కమిషనర్ని మనుషుల్ని అడిగాడు. ఇప్పుడు బాగానే ఉంది కదయ్యా, మళ్లీ ఎందుకు కెలకడం అన్నారట. ఫైలు మూసేశారు.

మార్చి 24
తాత ఇప్పుడు బస్టాప్ వెనక రేకు కింద కుడుతున్నాడు. నాన్నతో నేనూ వెళ్లాను. నాన్న నోరు తెరవకముందే, తెలుసులేరా అన్నాడు తాత. చొక్కా చంక దగ్గర చిరిగింది, విప్పి ఇలా ఇవ్వు అన్నాడు. నాన్న బనీనుతో బెంచీ మీద కూర్చున్నాడు. తాత కుట్టి ఇచ్చాడు.

ఏప్రిల్ 6
కొత్త రోడ్డు తెరిచారు. పైన ఆకాశం తప్ప ఏమీ లేదు. కమాను ఉన్న చోటికి రాగానే నాన్న తల వంచాడు.