అనిత చేసిన పిడి

మంగళవారం, నారాయణఖేడ్

పత్రికకు వార్త ఇంకా పంపలేదు.

బడిపిల్లలకు వస్తువులు చేయడం నేర్పే త్రీడీ ప్రింటర్ల వ్యాను మనూర్ దగ్గరి ఊరికి వచ్చి ఇవాళ్టికి మూడు రోజులు. ఏడో తరగతి అనిత అందులో వాళ్లమ్మ కోసం ఒక పిడి చేసింది. పోయినేడు గడ్డి కత్తిరించే మిషన్లో మొగులమ్మ కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. పిడిని ఆ చేతికి పట్టీతో కట్టి, కత్తి బిగించారు. ఒక్క వేటుకు జొన్నకర్ర తెగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

"ఇగ మా జోడీ కుదిరింది. మేస్త్రీకి ఇయ్యాల్నే చెప్త" అన్నాడు తండ్రి దేవయ్య.

చెరుకు నరకడానికి కూలీలను కుదిర్చే మేస్త్రీ ఆలుమగల జోడీలనే తీసుకెళ్తాడు. తల్లి చెయ్యి పనిచేయకే ఈ ఏడు వాళ్లు వలస పోలేదు. అనిత బడి మానలేదు.

"మరి పిల్ల బడి?" అని అడిగాను.

"మేం చెరుకుల ఉంటే దాని తమ్మున్ని ఎవలు చూస్తరు సారూ? దాన్ని గూడ తోల్కపోతం."

అనిత వ్యానులో నేర్పే అతని దగ్గరికి వెళ్లింది. "సార్, గా పిడి ఎన్ని దినాలకు ఇరుగుతది?"

దేవయ్యా నేనూ అనుకున్న మాటలు అతని చెవిన పడలేదు.

"పరేషాన్ గాకు బిడ్డా. ఏండ్లకేండ్లు ఉంటది" అన్నాడు సంబరంగా.

అనిత తలూపింది.