కొత్త మోడల్‌లో ఏమేం ఉంటాయట

జూన్ 3, మంగళవారం
లాప్‌టాప్ మూత విరిగింది. ఎడమవైపు కీలు చాలా రోజులుగా కిర్రుమంటోంది, ఈ రోజు ఊడి చేతికొచ్చింది. తెర వెనక్కి వాలిపోతోంది. అత్త బీడీలు చుట్టే చాటను నిలబెట్టి ఆనించాను. "నా చాట గుంజుకుంటే నేను దేంట్ల చెయ్యాలె?" పాత చాట ఉంది కదా అన్నాను. దానికి బొక్క ఉందట. చివరికి బియ్యం డబ్బా పెట్టాను.
లాప్‌టాప్‌లో గీస్తున్న చీర అంచు డిజైన్ సగంలో ఉంది. నెమలికి మెడ వరకే గీశాను. తల లేదు.

జూన్ 4
ఆయనకు ఫోన్‌లో చెప్పాను. "కొనకు. ఇప్పుడు ఏదీ కొనకు. కొత్త మోడల్ వస్తుంది. మా గోదాంల అందరు గదే ముచ్చట. వచ్చిన దినమే తీసుకుంట, తీసుకొని ఇంటికొస్త." ఆయన పనిచేసేది దుబాయ్‌లో లాప్‌టాప్‌లు అమ్మే పెద్ద దుకాణం గోదాములో, కాబట్టి ఈ విషయంలో ఆయన మాటే మాట.
"ఇంటికొస్త" అన్నది ఇంకోసారి అనిపించుకున్నాను. పోయి రెండేళ్లు దాటింది.

జూన్ 6
కరెంటు పోయింది. బ్యాటరీ చచ్చి ఏడాది. పొద్దుటి నుంచి గీసిన నెమలి తల మొత్తం పోయింది. శ్రీజను తిట్టాను. పాపం, దానికి ఏడేళ్లు, పక్కన కూర్చుని పుస్తకాలకు అట్టలు వేసుకుంటోంది. దీంతో దానికేం సంబంధం లేదు.

జూన్ 7
కొత్తదానికి రోజంతా చార్జింగ్ ఉంటుందట! "పొద్దుగాల పెడితే మల్ల పండుకునేదాక ఫికర్ లేదు." నిన్నటి నెమలి సంగతి చెప్పి ఏడ్చానని ఓదార్పుకు కాదు, నిజంగానే ఉందట. డైరీ చివరి పేజీలో రాసుకున్నాను: ఒకటి, చార్జింగ్.

జూన్ 11
పక్క సందు కార్ఖానాలో చీరలు నేసే సాంచాలు విప్పి లారీకెత్తుతున్నారు. తూకానికి అమ్మేశారు. ఆయన నడిపిన సాంచాలు కూడా అలాగే పోయాయి, ఆ తరువాతే ఆయన దుబాయ్ పోయాడు. సాంచ సప్పుడు లేని సందులో గిన్నె కింద పడినా ఇల్లిల్లూ వినబడుతోంది.
రాజేశం మామ దగ్గర ఇంకా నడుస్తున్నాయి. పండగ చీరలకు అంచు నన్నే గీయమన్నాడు. సాంచాల ఆసామి అయినా డిజైన్ చూడడం రాదు. గళ్ల కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "కాయితం మీద నాకు సమజ్ గాదు బిడ్డా. చీర కట్టుకుంటే ఎట్లుంటదో గట్ల కనవడాలె."

జూన్ 12
మణికట్టు నొప్పి. మౌస్‌తో ఒక్కొక్క గడి నింపాలి. ఒక నెమలికి ఎన్ని గళ్లో దేవుడికే తెలియాలి. రాజేశం మామ మాట కూడా ఫోన్‌లో చెప్పాను. ఆయన నవ్వాడు.

జూన్ 15, ఆదివారం
ఆయనకు సెలవు. చాలాసేపు మాట్లాడాడు. రెండు కొత్త సంగతులు.
రెండు: తెర మీదే పెన్నుతో గీయొచ్చు. మౌస్ అక్కర్లేదు.
మూడు: గీసిన డిజైన్‌ను చీర కట్టుకున్నట్టే చూపిస్తుందట! కుచ్చిళ్లు, కొంగు, అన్నీ. "మా సూపర్‌వైజర్ చూసిండట" అన్నాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు. వెంటనే రాజేశం మామ ఇంటికి పోయి చెప్పి వచ్చాను. "అయితే ఆగుదాం తియ్యి. గది రానీ" అన్నాడు మామ.

జూన్ 18
శ్రీజ నీళ్ల గ్లాసు కీబోర్డు మీద పోసింది. హెయిర్ డ్రయర్ ఎదురింటి సుజాత ఇచ్చింది. మూడు అక్షరాలు పనిచేయడం లేదు.

జూన్ 19
నాలుగు: నీళ్లు పడ్డా ఏం కాదట. తుడిస్తే చాలు.
కీబోర్డు మీద అరబ్బీ అక్షరాలు కూడా ఉంటాయి, భయపడొద్దు అన్నాడు. అక్కడ అమ్మేవాటికి అలాగే ఉంటాయట.

జూన్ 24
అత్త నోట నువ్వుగింజ నానదు. బీడీలు అప్పగించే చోట అందరికీ చెప్పింది. "నా కొడుకు దెచ్చేదాంట్ల చీర గీస్తే కట్టుకున్నట్టే కనవడ్తదట, నీళ్లల్ల ముంచినా ఖరాబ్ గాదట." సాయంత్రానికి నలుగురు వచ్చి ఎప్పుడొస్తున్నాడని అడిగారు. పెట్టె విప్పే రోజు పిలవాలట. గల్ఫ్ నుంచి వచ్చినవాడి పెట్టె విప్పడం మా సందులో అందరి పని. పోయినసారి కోనరావుపేట అతని పెట్టెలో దుప్పట్లు తప్ప ఏమీ లేవని ఆర్నెల్లు చెప్పుకున్నారు.
అత్తనే అనడమెందుకు, నేను తక్కువ చెప్పానా? పంపు దగ్గర మూడో సంగతిని మూడుసార్లు చెప్పాను. చెబుతుంటే బాగుంది.

జూన్ 29, ఆదివారం
మోడల్ జులైకి పోయింది. "లేటైతుందంటుండ్రు." సరే.

జులై 6
ఇంకో రెండు వారాలట. తెర కళ్లను మండనివ్వదట... ఇది ఐదు. మొన్న కళ్లు మండుతున్నాయని అన్నాను కదా, గుర్తుపెట్టుకుని కనుక్కున్నాడు.
రాజేశం మామ కబురు పంపాడు. ఇంకెన్ని దినాలు ఆగాలె, పండగ ఆగదు కదా అని.

జులై 12, శనివారం
ఆ కీలు సిరిసిల్లలో దొరకలేదు. జగిత్యాల పోయాను. బిగించడానికి గంట పడుతుందన్నాడు షాపు అతను. బెంచీ మీద కూర్చున్నాను. ఎదురుగా అద్దాల బీరువాలో ఉంది.
అదే పేరు. అదే నంబరు. ఆయన చెప్పగా నేను డైరీ అట్టమీద రాసుకున్నదే. మళ్లీ మళ్లీ చూసుకున్నాను.
"ఇది ఎప్పుడొచ్చింది?"
"రెండు నెలలైతుంది అక్కా."
చార్జింగ్? ఐదారు గంటలు. తెర మీద పెన్నుతో గీయొచ్చా? "వద్దక్కా, గీతలు వడ్తయ్." నీళ్లు పడితే? "నీళ్లెందుకు పోస్తరక్కా?" డిజైన్ గీస్తే చీర కట్టుకున్నట్టు... మాట మధ్యలోనే ఆపేశాను. అతను అప్పటికే నవ్వుతున్నాడు.
కీలు బిగిసింది. తెర తనంతట తాను నిలబడింది.

అదే రోజు, రాత్రి
బస్సులో వేములవాడ దగ్గర సీటు దొరికింది. డైరీ చివరి పేజీ తీసి, తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. కరెంటు పోయిన మర్నాడు చార్జింగ్. మణికట్టు నొప్పి తరువాత పెన్ను. రాజేశం మామ మాట చెప్పాక చీర. శ్రీజ నీళ్లు పోసిన మర్నాడు నీళ్ల సంగతి. కళ్లు మండాయంటే కళ్లు.
ఏ కంపెనీ వాడూ చెప్పింది కాదు. నేను చెప్పుకున్న బాధలే ఆయన మోడల్ చేసి తిరిగి నాకు చెప్పాడు.
కోపం వచ్చింది. ఒళ్లు మండింది. సందంతా నన్ను వెర్రిదాన్ని చేశావు కదయ్యా అనుకున్నాను. కాసేపటికి ఇంకోటి తోచింది. నేను ఏ రోజు ఏమన్నానో ఒక్కటి వదలకుండా ఎవరైనా విన్నారా ఇప్పటిదాకా? రెండూ నిజమే. దిగాల్సిన చోటు దాటిపోయి వెనక్కి నడిచాను.

జులై 13, ఆదివారం
"ఆగస్టు అంటుండ్రు" అన్నాడు. సరే అన్నాను. అడగలేదు. ఎందుకు అబద్ధమో తెలియకుండా అడిగితే ఫోన్ పెట్టేస్తాడు.

జులై 17
రాజేశం మామను ఇంకా ఆపలేను. డిజైన్‌ను కాగితాల మీద ప్రింట్ తీయించి, అతికించి, పొడుగు పట్టీ చేశాను. శ్రీజకు నా పాత చీర చుట్టి, అంచు పొడుగునా పట్టీని పిన్నులతో గుచ్చి, కుచ్చిళ్లు పెట్టి నిలబెట్టాను. కదిలితే కాగితం చిరుగుతుందని అది ఊపిరి బిగపట్టి నిలుచుంది.
రాజేశం మామ చుట్టూ తిరిగి చూశాడు. "గిదే గదా నేనడిగేది! నెమలి జర చిన్నగ చెయ్యి." అంతే. ఐదు నిమిషాల్లో అయిపోయింది.
నెల రోజులు దేని కోసం ఆగాను నేను?

జులై 20, ఆదివారం
కోరుట్ల పోయాను. ఆయన రూములో కింది మంచం గంగారాం నిన్న దుబాయ్ నుంచి దిగాడట, నాకు డబ్బా తెచ్చాడట. తాళ్లతో కట్టిన అట్టపెట్టె. మీద ఆయన చేతిరాత, పెద్ద అక్షరాలు: లావణ్య, సిరిసిల్ల. సబ్బులు, పాలపొడి, బామ్ సీసాలు, శ్రీజకు రంగు పెన్సిళ్లు. లాప్‌టాప్ లేదు. ఉంటుందని నేనూ అనుకోలేదు, అయినా అడుగు దాకా చెయ్యి పెట్టి చూశాను.
గోదాములో పని ఎట్లుందని మామూలుగా అడిగాను. గంగారాం చాయ్ కప్పు కింద పెట్టాడు.
"గోదాం ఏడిది వదినా? గది బందై ఉగాది నుంచి బండ్లు కడుగుతున్నం అందరం. అన్న చెప్పలేదా?"
లేదు అన్నాను. గంగారాం భార్య లేచి లోపలికి పోయింది. అతను తల గోక్కుంటూ మిగతాది చెప్పాడు. ఇంటికి పోయేటోళ్లకు కంపెనీయే టికెట్ ఇస్తోంది. ఆఖరి జట్టు ఆగస్టు పదిహేనుకు. పేర్లు ఐదో తారీఖు లోపల ఇయ్యాలి. తరువాత ఎవరి దారి వారిదే.
"మాతోని రమ్మంటే రాలె. 'ఖాళీ చేతులతోని ఎట్ల పోదుర? లాప్‌టాప్ తెస్తుండని ఇంట్లోళ్లు సందు సందంత చెప్పుకున్నరు, పెట్టె విప్పేనాడు మొకం ఏడ పెట్టుకోవాలె' అంటడు."
ఇంట్లోళ్లు అంటే ఎవరు? నేనే. అత్త ఒకరికి చెబితే, నేను వందమందికి చెప్పాను.

జులై 22
రెండు రోజులు ఏమీ రాయబుద్ధి కాలేదు. బండ్లు కడుగుతున్నాడు, ఆ ఎండలో. నాకు చల్లటి గోదాము అని చెప్పాడు. నేను నమ్మి, మూడో సంగతి ఎలా పనిచేస్తుందో కనుక్కోమని వేధించాను.
లాప్‌టాప్ లేకపోవడం ఆయనను ఆపడం లేదు, లాప్‌టాప్ ఉంటుందన్న మాట ఆపుతోంది. ఆ మాట నోటితో పెంచింది నేను. నోటితోనే తీసేయాలి.

జులై 24
పంపు దగ్గర మొదలుపెట్టాను. "ఆ కొత్త మోడల్ ఏం బాగలేదట సుజాతా. వద్దని నేనే చెప్పిన." వేడెక్కుతుంది, మూత విరుగుతుంది, మన నెమలిని కోడిలా చూపిస్తుంది. అబద్ధాలు ఇంత సులువుగా వస్తాయని తెలియదు. ఆయన ఐదు చెప్పాడు, నేను తొమ్మిది చెప్పాను.
అత్తకు కూడా అదే చెప్పాను. ఆకు కత్తిరించడం ఆపి నా మొహం చూసింది.
"నా కొడుకు పానం మంచిగున్నదా?"
"మంచిగుంది."
"గట్లయితే గది ఎందుకు మనకు, నిప్పుల వెయ్యి" అని మళ్లీ కత్తెర తీసుకుంది. కళ్లు తుడుచుకున్నదో, తంబాకు ఘాటో.

జులై 26
అత్త నాకంటే రెండాకులు ఎక్కువే చదివింది. ఆ లాప్‌టాప్ ముట్టుకుంటే కరెంటు కొడుతుందని సందంతా చెప్పింది. "వద్దని గట్టిగ చెప్పినవా లేదా?" అని సుజాత నన్నే తిట్టింది. పాతదే నయం అని అందరూ తేల్చారు.

జులై 27, ఆదివారం
ఫోన్. ఆయనే మొదలుపెట్టాడు: "ఇంకోటి దెలిసింది, దాంట్ల..."
"అది కొనకు" అన్నాను. "బాగలేదట."
"ఎవరు చెప్పిండ్రు?"
"వేడెక్కుతదట. మూత విరుగుతదట. సందుల అందరికి తెలుసు. తెచ్చినా ఎవరూ ముట్టరు."
"ఎవరు చెప్పిండ్రే?"
"జగిత్యాల షాపాయన."
వెనక ఎక్కడో నీళ్ల గొట్టం చప్పుడు. సెలవు రోజు కూడా కడుగుతున్నాడన్నమాట.
"చూసినవా?" అన్నాడు.
"చూసిన."
నీళ్ల చప్పుడు ఆగింది.
"పాతదానికి కీలు ఏయించిన. మంచిగ నడుస్తుంది. రాజేశం మామ అంచు ఒప్పుకున్నడు. ఇంకో నాలుగు సాంచాలు పెడ్తడట, మనిషి కావాలె అంటున్నడు." మామ సాంచాల మాట నిజంగా అన్నాడు. నాలుగు కాదు, రెండు.
"శ్రీజ ఏం చేస్తుంది?" అన్నాడు.
రంగు పెన్సిళ్లతో గోడంతా నెమళ్లు గీసిందని చెప్పాను. గంగారాం పేరు నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

జులై 30
ఫోన్ రాలేదు. చేయలేదు.

ఆగస్టు 2
అంచు చీర మీదికి వచ్చింది. మొదటి గజం రాజేశం మామ తెచ్చి చూపించాడు. నెమలికి తల బాగా కుదిరింది.

ఆగస్టు 4, సోమవారం
పేర్లు ఇచ్చే గడువు రేపే.
మధ్యాహ్నం ఫోన్. మోడల్ మాట రాలేదు. ఇన్ని రోజుల్లో ఇదే మొదటిసారి. నా పని అడిగాడు, అత్త దగ్గు అడిగాడు. మాటలు అయిపోయాక కూడా పెట్టేయలేదు. నేను పేరు ఇచ్చావా అని అడగలేదు.
"వానలు పడుతున్నయా గాడ?" అన్నాడు.
వచ్చేవాడు అడిగే మాటా, రానివాడు అడిగే మాటా... తెలియలేదు.
"పడుతున్నయ్" అన్నాను. "బస్టాండుల దిగితే తడుస్తవ్. గొడుగు తెచ్చుకో."
"ఊఁ" అన్నాడు.