రివర్స్‌లో పట్టేస్తోంది

జూలై 9
ఈసారి డెర్బీలో తనే నడుపుతానంది ట్వైలా. బురదలో చివరికి కదిలే బండి ఒక్కటి మిగిలేదాకా గుద్దుకోవడమే ఆ ఆట. పెళ్లాన్ని అందులోకి తోలి నేను గ్యాలరీలో కూర్చుని చూడాలట! వద్దన్నాను. పోయినేడు నా తమ్ముడు నడిపితే చప్పట్లు కొట్టావుగా, నేనైతే ఏం వచ్చింది అని నిలదీసింది.

ఆ బావమరిది సంగతే నా బెంగ. ఆట మధ్యలో లైల్ స్టీరింగ్ బిగుసుకుపోయింది. అడ్డంగా ఆగిపోయిన బండిని ఎవడో వచ్చి కొట్టాడు. ఇప్పటికీ లైల్ పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిప్పుతాడు.

జూలై 13
ట్వైలా పట్టు వదల్లేదు. డెర్బీ కోసం పాత సెడాన్‌లో, తుక్కులో కొన్న పికప్ ట్రక్కు ఇంజిన్ దించాను. వెడల్పు ఎక్కువ. ఎడమవైపు ఎగ్జాస్ట్ పైపు సరిగ్గా స్టీరింగ్ రాడ్ మీద కూర్చుంది. గోరు కూడా దూరదు, ఇలాగైతే స్టీరింగ్ తిరగదు. లైల్ కుర్చీ వేసుకుని, బీరు పట్టుకుని, ఆ సందులో దోమ దూరినా ఇరుక్కుని చస్తుంది బావా అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

జూలై 14
పైపును ఎర్రగా కాల్చి సుత్తితో లోపలికి నొక్కాను. రాడ్ కోసి జాయింట్లు పెట్టి పక్కనుంచి తిప్పాను. ఇప్పుడు రెండు వేళ్లు దూరుతున్నాయి. ఇంజిన్ ఎగరకుండా ఎడమవైపు గొలుసు కట్టాను. ఈ కౌంటీలో ఒక్క గొలుసే ఒప్పుకుంటారు. ఇంజిన్‌ను వెల్డింగ్‌తో బిగించేస్తే బండిని గేటు దగ్గరే ఆపేస్తారు.

జూలై 17
కోసిన గడ్డి పొలంలో చుట్లు కొట్టాను. స్టీరింగ్ వెన్నలా తిరిగింది. ట్వైలా తన వైపు తలుపుకు తెల్ల రంగు వేసింది. తెల్ల తలుపును కొట్టకూడదని రూలు. బురద కళ్లలో పడ్డవాడికి తెలుపేమిటి, నలుపేమిటి? కిటికీకి కట్టిన కర్ర విరిస్తే ఓడిపోయినట్టు, ఇక ఎవరూ కొట్టరు. స్టీరింగ్ పట్టేస్తే వెంటనే విరిచెయ్ అన్నాను. ముందు పట్టెయ్యకుండా చూడవయ్యా మగడా అంది.

జూలై 20
అన్నం సయించలేదు. ఎండ అని చెప్పాను.

జూలై 22
చచ్చాను. బండిని ట్రైలర్ మీదికి వెనక్కి ఎక్కిస్తుంటే స్టీరింగ్ పట్టేసింది.

పొలంలో ఎంతసేపూ ముందుకే నడిపాను. ఎంత బుద్ధి తక్కువ! డెర్బీలో ముందుకు పోయేదెవడు? ముందున్న రేడియేటర్ పగలకుండా అందరూ రివర్స్‌లో వెళ్లి డిక్కీతోనే కదా కొట్టేది.

బానెట్ తీయించి, లైల్‌ను యాక్సిలరేటర్ తొక్కమన్నాను. ముందు గేరులో ఇంజిన్ ఎడమవైపు పైకి లేస్తోంది, రాడ్‌కు దూరంగా. రివర్స్‌లో కుడివైపు లేచి, ఎడమవైపు కిందికి దిగుతోంది. పైపు వచ్చి రాడ్ మీద కూర్చుంటోంది. నేను గొలుసు కట్టిందేమో ఎడమవైపు. లైల్ యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడు. పోయినేడు నాదీ రివర్స్‌లోనే పట్టేసింది బావా అన్నాడు.

గొలుసు విప్పి కుడివైపు కట్టాను. మళ్లీ రివర్స్‌లో గట్టిగా తొక్కించాను. వేలు దూరుతోంది. ఒక్క వేలు. ఇది ఎవరూ గుద్దకుండా ఉన్న లెక్క. గుద్దితే ఏమవుతుందో గుద్దితే గాని తెలియదు.

జూలై 24, మధ్యాహ్నం
ఫెయిర్ గ్రౌండ్. తనిఖీ చేసేవాడు గొలుసు లాగి చూసి, అందరూ ఎడమవైపు కడితే నీకేం వచ్చిందయ్యా అన్నాడు. చెప్పాను. భుజాలెగరేసి టిక్కు కొట్టాడు. ఇక ట్వైలాను ఆపడానికి సాకు కూడా లేదు.

తలుపులు వెల్డింగ్ చేసేశాం కాబట్టి ట్వైలా కిటికీలోంచి దూరింది. నాకు భయమేస్తోంది, దిగిపో అన్నాను. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాట ఎప్పుడూ అనలేదు. నాకూ భయంగానే ఉంది, ఈ హెల్మెట్ పట్టీ కాస్త బిగించు అంది. బిగించాను.

జూలై 25
స్టీరింగ్ ఆఖరిదాకా తిరిగింది. మూడో స్థానం. ట్వైలా ఒంటి మీద గీత లేదు.
ఇంటికి ట్రైలర్ లాగే పికప్ కూడా తనే నడిపింది. నా చేతులు స్టీరింగ్ పట్టుకోలేకపోయాయి.